మాయమాటకు మోసపోయిన పిల్ల, నడకతో పోయిన నేల: తొలి అమెరికన్ నవలల వెనుక కథ

2026 జులై 4కి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. ఆ ప్రకటనలో అందరికీ గుర్తుండేది మనుషులంతా సమానం అన్న వాక్యం. దాని వెంటనే ఇంకో మాట ఉంటుంది, ప్రభుత్వాలకు న్యాయమైన అధికారం వచ్చేది పాలితుల సమ్మతి నుంచే అని. ఆ దేశపు తొలి నవలలు చదవాలనుకుంటే ఈ ‘సమ్మతి’ అన్న మాటను మనసులో పెట్టుకోండి.

ఎందుకంటే కొత్తగా ఆ నవలలు తెరిచినవాళ్లకు మొదట కలిగేది అయోమయం. దేశమేమో యుద్ధం గెలిచి, రాజ్యాంగం రాసుకుని, జార్జ్ వాషింగ్టన్‌ని అధ్యక్షుణ్ణి చేసుకుంది. నవలలేమో సైనికుడి తియ్యటి మాటలు నమ్మి ఇల్లు విడిచిన అమ్మాయి, కడుపొచ్చాక వదిలేసిన మగవాడు, చివర్లో ప్రసవం, చావు. అచ్చం మన పాత నలుపు తెలుపు సినిమాల్లో పట్నం బాబు కథే. పన్నుల మీద అంత గొడవపడి దేశాన్నే సంపాదించుకున్న జనం ఈ కన్నీళ్ల కథలు ఎందుకంత ఎగబడి చదివారు?

‘వలస’ అనే మాటలోనే ఉన్న తిరకాసు

మనకు వలస పాలన అంటే ఎవరో బయటివాడు ఓడలో వచ్చి, ఇక్కడి జనాన్ని పాలించి, సొమ్ము పట్టుకుపోవడం. అలాగే పాలమూరు నుంచి పొట్ట చేతపట్టుకుని బొంబాయి పోవడాన్నీ మనం వలస అనే అంటాం. అమెరికా సంగతిలో ఈ రెండు అర్థాలూ ఒకే మనిషిలో కలిసిపోతాయి. 1607లో జేమ్స్‌టౌన్‌తో మొదలుపెట్టి ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు బతుకు వెతుక్కుంటూ వచ్చినవాళ్లే, అప్పటికే అక్కడున్న జనాల నేల ఆక్రమించినవాళ్లూ వాళ్లే. 1776లో లండన్ మీద తిరగబడింది వాళ్ల వారసులు. అంటే స్వాతంత్ర్యం తెచ్చుకున్నవాళ్లు ఒకపక్క బ్రిటన్‌కు పాలితులు, ఇంకోపక్క ఆదివాసులకు పాలకులు. మన 1947 ఊహను తీసుకెళ్లి 1776 మీద పెడితే సరిపడదు.

(చిన్న పిట్టకథ. 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్ల చేతుల్లో ఓడి లొంగిపోయిన కార్న్‌వాలిసే 1786లో మన దగ్గరికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. బళ్లో శాశ్వత శిస్తు పాఠంలో చదువుకున్నది ఆయన్నే.)

మరి ‘తొలి నవల’ ఏది?

సాధారణంగా చెప్పే పేరు ‘ది పవర్ ఆఫ్ సింపతీ’. 1789 జనవరిలో బోస్టన్‌లో ఐజయా థామస్ అచ్చువేశాడు, వాషింగ్టన్ ప్రమాణ స్వీకారానికి మూడు నెలల ముందు. పుస్తకం మీద రచయిత పేరు లేదు. రాసింది విలియం హిల్ బ్రౌన్ అని చాలా కాలం తర్వాత గానీ తేల్లేదు. అయితే 1767లోనే లండన్‌లో ‘ది ఫిమేల్ అమెరికన్’ అని ఒకటి వచ్చింది, 1775లో అక్కడే ‘అలాన్సో’ వచ్చింది. దేన్ని అమెరికన్ అనాలన్నది రచయిత పుట్టుకను చూస్తారా, అచ్చయిన చోటు చూస్తారా, కథాస్థలం చూస్తారా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. మన దగ్గర 1872 నాటి ‘శ్రీరంగరాజ చరిత్ర’ తొలి నవలా, 1878 నాటి ‘రాజశేఖర చరిత్ర’ తొలి నవలా అన్న వాదం ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కాబట్టి దీని దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

అచ్చు వ్యాపారం సంగతి మాత్రం తెలుసుకోవాలి. 1790 కాపీరైట్ చట్టం అమెరికా పౌరులకూ అక్కడ నివాసముండేవాళ్లకూ మాత్రమే 14 ఏళ్ల హక్కు ఇచ్చింది, ఇంకో 14 ఏళ్లు పొడిగించుకోవచ్చు. ఇంగ్లండ్ రచయితకు పైసా ఇవ్వక్కర్లేదు. మరి ఊరికే దొరికే ఇంగ్లిష్ నవలను వదిలి, సొంత దేశపు రచయితకు డబ్బిచ్చి పుస్తకం వేయడానికి ఏ ప్రచురణకర్త ముందుకొస్తాడు? రాజకీయంగా స్వతంత్రమైన దేశం పుస్తకాల బజారులో మటుకు ఇంకా ఇంగ్లండ్ కాలనీలాగే ఉండిపోయింది.

షార్లెట్ ఆ బండి ఎక్కిందా, ఎక్కించారా?

ఇక అసలు కథల్లోకి వెళ్దాం. సుజానా రోసన్ రాసిన ‘షార్లెట్’ 1791లో లండన్‌లో వచ్చింది, అక్కడ పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 1794లో ఫిలడెల్ఫియాలో మాథ్యూ కేరీ వేశాక మాత్రం పిచ్చిగా అమ్ముడుపోయింది. తర్వాత ‘షార్లెట్ టెంపుల్’గా పేరు స్థిరపడి, 200కు పైగా ముద్రణలు పొందింది.

షార్లెట్‌కి పదిహేనేళ్లు. ఇంగ్లండ్‌లో బోర్డింగ్ స్కూల్లో చదువుతుంటే, అమెరికా యుద్ధానికి బయల్దేరుతున్న మాంట్రావిల్ అనే సైనికాధికారి వెంటపడతాడు. స్కూల్లో ఫ్రెంచ్ టీచరే మధ్యవర్తి. రానని చెప్పడానికే వెళ్తుంది షార్లెట్. మాటల్లో పెడతాడు, ఏడుస్తుంది, అరిచి స్పృహ తప్పి అతని చేతుల్లో పడిపోతుంది, బండి కదిలిపోతుంది. న్యూయార్క్ చేరాక అతను డబ్బున్న ఇంకో అమ్మాయిని పెళ్లాడతాడు. షార్లెట్‌కి ఇమ్మని అతను ఇచ్చిన సొమ్ము స్నేహితుడు అందనివ్వడు. బిడ్డను కని, తండ్రి వచ్చి చేరిన కాసేపటికి చనిపోతుంది.

ఆ బండి దగ్గర ఆగి చూడండి. షార్లెట్ ఒప్పుకుందా? ఒప్పుకుందనీ అనలేం, లేదనీ అనలేం. కలవడానికి తన కాళ్ల మీదే వచ్చింది, కదిలేటప్పటికి ఒంటి మీద తెలివి లేదు. అబద్ధం చెప్పి తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలేనా అన్న ప్రశ్నను రోసన్ ఒక్క దృశ్యంలో పెట్టేసింది. ప్రభుత్వం నిలిచేదే సమ్మతి మీద అని కొత్తగా చెప్పుకున్న జనానికి ఇది ఊరికే ఆడపిల్ల కథగా అనిపించకపోయి ఉండొచ్చు.

ఇక్కడే విమర్శకుల్లో చీలిక

ఒక వర్గం దీన్ని దేశం కథగా చదువుతుంది. అమ్మాయి అంటే అమాయకమైన కొత్త గణతంత్రం, మోసగాడు అంటే తియ్యగా మాట్లాడే రాజకీయ నాయకుడు. ఇది ఈకాలం ప్రొఫెసర్లు కూర్చుని అల్లింది అనుకోవడానికి లేదు. రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్సే 1804లో ఒక ఉత్తరంలో ఇంగ్లిష్ రచయిత రిచర్డ్‌సన్ నవల ‘క్లారిసా’ను ఎత్తుకుని, ప్రజాస్వామ్యం లవ్‌లేస్ అయితే ప్రజలు క్లారిసా అని రాశాడు. లవ్‌లేస్ అందులో ఆ పిల్లను నాశనం చేసేవాడు. అంటే ఆనాటి నాయకులే ఈ కథలను రాజకీయ భాషగా వాడుకున్నారు.

రెండో వర్గం అడ్డుపడుతుంది. రోసన్ పుట్టింది ఇంగ్లండ్‌లో. తండ్రి బ్రిటిష్ నౌకాదళ ఉద్యోగి, బాల్యం మసాచుసెట్స్‌లో గడిచింది, యుద్ధం వచ్చేసరికి శత్రుపక్షం వాళ్లంటూ ఆ కుటుంబాన్ని నిర్బంధంలో ఉంచి, 1778లో ఇంగ్లండ్ పంపేశారు. ఈ నవల రాసేటప్పుడు ఆమె అక్కడే ఉంది, నటిగా తిరిగి అమెరికా వచ్చింది 1793లో. అలాంటామె పనిగట్టుకుని అమెరికా గణతంత్రానికి రూపకం రాసిందంటే ఎలా? అదీగాక, చదివిన ఆడవాళ్లకు ఇవి రూపకాలు కావు. పెళ్లయ్యాక ఆస్తి, సంపాదన అన్నీ భర్తవే అయిపోయే చట్టం కింద బతుకుతున్నవాళ్లకు మగవాణ్ణి తప్పుగా అంచనా వేయడం అంటే జీవితం పోవడమే. షార్లెట్‌ని దేశంగా మార్చేస్తే షార్లెట్ మాయమైపోతుందన్నది వీళ్ల అభ్యంతరం.

నాకు రెండోదే ఎక్కువ సబబుగా తోస్తుంది, కానీ మొదటిదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. రచయిత్రి ఏమనుకుని రాసిందన్నది ఒకటి, అదే పుస్తకం లండన్‌లో చల్లగా పడి ఉండి అమెరికాలో ఎందుకు అంటుకుందన్నది ఇంకొకటి. రెండోదానికి జవాబు పాఠకుల రాజకీయ అనుభవంలో కొంతయినా వెతకాలి.

ఎలైజా: పెళ్లి వద్దన్న పౌరురాలు

ఈ వాదన బాగా తేలేది హానా వెబ్‌స్టర్ ఫాస్టర్ రాసిన ‘ది కొకెట్’ (1797)లో. కొకెట్ అంటే మగవాళ్లను ఊరించే వయ్యారి అని అర్థం, పేరులోనే నింద ఉంది. దీనికి నిజ సంఘటన ఆధారం. కనెక్టికట్‌లో పేరున్న కుటుంబానికి చెందిన ఎలిజబెత్ విట్‌మన్ 1788లో మసాచుసెట్స్‌లోని డాన్వర్స్ ఊళ్లో ఒక సత్రంలో వేరే పేరు చెప్పి దిగి, చచ్చిన బిడ్డను కని, తనూ చనిపోయింది. పత్రికలు ఊరుకోలేదు, నవలలు చదివీ చదివీ తల చెడిందని రాశాయి.

ఫాస్టర్ ఆ కథను ఉత్తరాల రూపంలో తిరిగి రాసింది. నాయిక ఎలైజాకి తల్లిదండ్రులు కుదిర్చిన వరుడు చనిపోతాడు, ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. పెళ్లి స్నేహానికి సమాధి అంటుంది. ఒక ఫాదరీ మర్యాదగా అడుగుతున్నాడు, ఒక మేజర్ సరసంగా తిరుగుతున్నాడు, ఆమెకు ఇద్దరిలో ఎవరి కిందా వెంటనే ఇమడాలని లేదు. చుట్టూ ఉన్న స్నేహితురాళ్లంతా ఫాదరీనే చేసుకోమని ఉత్తరాల మీద ఉత్తరాలు. చివరికి ఫాదరీ అపార్థంతో తప్పుకుంటాడు, మేజర్ డబ్బున్న పిల్లను చేసుకుని వచ్చి కూడా ఎలైజాను వదలడు, మిగతాది తెలిసిందే.

మధ్యలో ఒక చోట నలుగురూ కూర్చున్నప్పుడు రాజకీయం వస్తుంది. ఒకావిడ అవి ఆడవాళ్లకు తగవు, నేను వేలు పెట్టను అంటుంది. ఎలైజా స్నేహితురాలు వెంటనే తామిద్దరికీ ఆ మాట నచ్చదని, దేశం బాగోగుల్లో తమకూ వాటా ఉందని చెబుతుంది. ఇది గాల్లోంచి పుట్టిన మాట కాదు. 1776లో అబిగెయిల్ ఆడమ్స్ భర్త జాన్‌కి కొత్త చట్టాల్లో ఆడవాళ్లను మర్చిపోవద్దని రాసింది, ఆయన నవ్వులాటగా తీసేశాడు. న్యూజెర్సీలో ఆస్తి ఉన్న ఒంటరి ఆడవాళ్లు నిజంగానే ఓటు వేశారు, 1807లో ఆ హక్కు లాగేసుకున్నారు. ఎలైజాకి ఉన్న స్వేచ్ఛ కూడా అంతే, ‘వద్దు’ అనొచ్చు, కానీ అలా అని బతకడానికి చోటు లేదు.

ఫాస్టర్ ఎలైజాను తప్పుపడుతోందా, వెనకేసుకొస్తోందా? రెండూ చదవొచ్చు. ముగింపు నీతి చెబుతుంది, అంతకుముందు ఉత్తరాల్లో వినపడే గొంతు మాత్రం ఆ నీతికి లొంగదు. అప్పట్లో నవల అంటేనే పెద్దవాళ్లకు అనుమానం కాబట్టి చివర్లో నీతి పెట్టకపోతే పుస్తకం ఇంట్లోకే రాదు, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఆ గొంతు ఎవరిది? 1798 భయాలు

చార్లెస్ బ్రాక్‌డెన్ బ్రౌన్ దగ్గర గాలి మారిపోతుంది. ఫిలడెల్ఫియా క్వేకర్ కుటుంబం ఆయనది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు యుద్ధం చేయరు, అందుకని 1777లో ఆయన తండ్రిని ఇంకొందరితో కలిపి విచారణ లేకుండా వర్జీనియాకి పంపేశారు, అదీ స్వేచ్ఛ కోసం పోరాడుతున్న ప్రభుత్వమే. అప్పుడు పిల్లవాడికి ఆరేళ్లు.

‘వీలండ్’ (1798)లో ఒక కుటుంబం ఫిలడెల్ఫియా పక్కన నది ఒడ్డున సుఖంగా చదువూ సంగీతంతో ఉంటుంది. ఎక్కడినుంచో గొంతులు వినపడటం మొదలవుతాయి. కార్విన్ అనే దేశదిమ్మరికి ఏ గొంతునైనా అనుకరించి, అది ఇంకోచోటినుంచి వస్తున్నట్టు చేసే విద్య వచ్చు. చివరికి వీలండ్ దేవుడి ఆజ్ఞ అని నమ్మి భార్యాబిడ్డలను చంపేస్తాడు. ఆ ఆజ్ఞ మాత్రం నేను ఇవ్వలేదంటాడు కార్విన్. బ్రౌన్ ఈ పుస్తకం ప్రతిని అప్పటి ఉపాధ్యక్షుడు జెఫర్సన్‌కి పంపాడు. జనం గొంతే పాలకుడు అనుకునే దేశంలో, ఆ గొంతును ఎవడైనా అనుకరించగలిగితే?

అదే ఏడాది ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తుందన్న టెన్షన్‌లో అమెరికా కాంగ్రెస్ నాలుగు చట్టాలు చేసింది. పౌరసత్వానికి ఉండాల్సిన నివాసం 5 ఏళ్ల నుంచి 14 ఏళ్లకు పెంచింది, ప్రభుత్వాన్ని దుష్ప్రచారంతో తిడితే జైలు అంది, విదేశీయులను వెళ్లగొట్టే అధికారం అధ్యక్షుడికిచ్చింది. వాటిలో ఒకటైన ఏలియన్ ఎనిమీస్ చట్టం ఇప్పటికీ బతికే ఉంది, 2025 మార్చిలో వెనిజులా వాళ్ల మీద వాడితే వార్తల్లోకి వచ్చింది. కార్విన్ బయటినుంచి వచ్చిన అనుమానాస్పదుడు కాబట్టి నవల ఈ భయాలను సమర్థిస్తోందని కొందరు, ఆజ్ఞ పాటించి చంపింది ఇంటివాడే కాబట్టి భయాన్నే వెక్కిరిస్తోందని ఇంకొందరు. నిజం చెప్పాలంటే బ్రౌన్ రెండు తలుపులూ తెరిచే ఉంచాడు.

ఒకటిన్నర రోజు నడక

ఇంతవరకూ చూసినవి సమ్మతి అడిగిన కథలు, మోసంతోనైనా సరే. బ్రౌన్ తర్వాత రాసిన ఇంకో నవల ‘ఎడ్గర్ హంట్లీ’ (1799) ముందుమాటలో, కోటలూ దయ్యాలూ యూరప్‌కి, మాకు ఆదివాసుల దాడులూ పడమటి అడవుల ప్రమాదాలూ ఉన్నాయి అని అంటాడు. అంటే సొంత సాహిత్యానికి ముడిసరుకు ఆదివాసులు, అదీ శత్రువుల వేషంలో.

కథ జరిగేది పెన్సిల్వేనియాలో, డెలవేర్ నదీ ప్రాంతంలో. ఆ నేల ఎలా చేతులు మారిందో తెలిస్తేనే నవల అర్థమవుతుంది. 1737లో పెన్సిల్వేనియా స్థాపకుడు విలియం పెన్ కొడుకులు 1686 నాటిదంటూ ఒక పత్రం బయటికి తీశారు, ఒక మనిషి ఒకటిన్నర రోజు నడిచినంత దూరం భూమి తమదని అందులో ఉందన్నారు. అక్కడి ఆదివాసులైన లెనాపీ జనం అది మామూలు నడక అనుకుని సరే అన్నారు. వీళ్లు ముందే అడవిలో దారి కొట్టించి, గట్టి నడకగాళ్లను ముగ్గురిని కూలికి పెట్టారు. ఒకడు అరవై మైళ్లు దాటాడు. అలా పోయింది దాదాపు 12 లక్షల ఎకరాలు. షార్లెట్ బండి గుర్తొస్తోందా? ఒప్పుకోలు ఉంది, కానీ ఏ మాటకు ఒప్పుకున్నారో ఆ మాట అర్థం మార్చేశారు.

నవలలో ఈ ఒప్పందం పేరు ఎక్కడా రాదు. కానీ డెబ్ అనే ముసలి ఆదివాసీ స్త్రీ ఉంటుంది. తన జనమంతా నేల వదిలి పోతే తాను మాత్రం పోనని, ఇదంతా నాదేనని, మిగతావాళ్లు నేను ఉండనిస్తే ఉంటున్నారని అంటుంది. కథ చెప్పే ఎడ్గర్ ఆమెకు రాణి అని పేరు పెడతాడు, ఊళ్లో అదే నిలిచిపోతుంది. దాడి వెనుక ఉన్నది ఆమేనని చివర్లో తెలుస్తుంది. ఎడ్గర్ నిద్రలో నడిచే మనిషి, గుహలో మెలకువొచ్చి, వరసగా మనుషుల్ని చంపుతూ ఇంటికొస్తాడు. కథ మొదలయ్యే ఎల్మ్ చెట్టు, పెన్ స్వయంగా ఆదివాసులతో స్నేహ ఒప్పందం చేసుకున్నాడని చెప్పుకునే ఎల్మ్ చెట్టును గుర్తుచేస్తుందని విమర్శకులు అంటారు. ఇది బ్రౌన్ తెలిసి పెట్టిన నిందా, లేక ఆ నేల మీద రాసేసరికి దానంతటది బయటపడిందా అన్నది తేలని సంగతి. ఆదివాసులకు ఇందులో పేరూ మాటా దాదాపు లేవు కాబట్టి ఇది ఆక్రమణకు వత్తాసే అనేవాళ్లకీ బలం ఉంది.

ఈ గొడవ పాతబడలేదు. 2004లో లెనాపీల వారసులైన డెలవేర్ నేషన్ 314 ఎకరాల కోసం ఫెడరల్ కోర్టుకెళ్లింది. మోసం జరిగిందనే అనుకున్నా, ఆనాటి పాలకుడు హక్కు రద్దుచేసిన తీరును మేం విచారించలేమని కోర్టులు కేసు కొట్టేశాయి.

సింపతీ అనే ఓడ

మరి సమ్మతి అన్నది అసలు అడగనే లేని బానిసల సంగతి? రాయల్ టైలర్ రాసిన ‘ది ఆల్జరీన్ క్యాప్టివ్’ (1797)లో న్యూ ఇంగ్లండ్ కుర్రాడు డాక్టరై, పని దొరక్క బానిసల్ని మోసే ఓడలో ఎక్కుతాడు. ఓడ పేరు ‘సింపతీ’. ఆఫ్రికా ఒడ్డున మనుషుల్ని కొని ఎక్కించడం చూసి కుమిలిపోతాడు, ఓడలో పని మాత్రం మానడు. తర్వాత ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్ సముద్రపు దొంగలు పట్టుకుంటే ఆరేళ్లు తనే బానిస. అల్జీర్స్ 1785 నుంచి అమెరికన్ నావికులను పట్టి ఉంచుకుంది, 1795లో సొమ్ముతో ఒప్పందం చేసుకుని విడిపించుకున్నారు, కాబట్టి పాఠకులకు ఇది పేపర్లో చదివిన సంగతే. తెల్లవాడు బానిసైతే దేశమంతా చందాలు, నల్లవాడు బానిసైతే రాజ్యాంగంలో 1808 దాకా ఆ దిగుమతి జోలికి రావద్దన్న షరతు. టైలర్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాడు, పెట్టి, చివర్లో ఐకమత్యమే బలం అని దేశభక్తి పాఠంతో ముగించాడు. ఓడలో మిగిలినవాళ్ల మాట ఆ ముగింపులో లేదు.

షార్లెట్ సమాధి

న్యూయార్క్‌లో వాల్ స్ట్రీట్ మొదట్లో ట్రినిటీ చర్చి ఉంది. దాని ఆవరణలో ‘షార్లెట్ టెంపుల్’ అని చెక్కిన రాయి ఒకటి ఇప్పటికీ ఉంది. అదే ఆవరణలో అలెగ్జాండర్ హామిల్టన్ సమాధి ఉన్నా, 19వ శతాబ్దమంతా జనం పూలు తెచ్చింది ఎక్కువగా ఈ రాయి దగ్గరికేనని చెబుతారు. ఆమె కల్పిత పాత్ర. 2008లో రాయి ఎత్తి చూస్తే కింద సమాధి ఏదీ కనపడలేదు.

నల్లవాళ్లను తన స్మశానంలో పూడ్చకూడదని అదే చర్చి 1697లో నిషేధం పెట్టింది. దాంతో వాళ్లు ఊరి బయట, అక్కడికి కొంచెం ఉత్తరాన, తమవాళ్లను పూడ్చుకున్నారు. తర్వాత ఊరు పెరిగి ఆ చోటు భవనాల కింద పడిపోయింది. 1991లో ప్రభుత్వ కార్యాలయానికి పునాది తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. 419 మంది అవశేషాలు తీశారు, మొత్తం 15,000 మంది దాకా ఉండొచ్చని అంచనా. వాళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు.